అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో రెండు అగ్రశ్రేణులు: ఎఫ్‌బీఎస్, ఎఫ్‌సీఎస్

నిర్వచనం

అమెరికన్ ఫుట్‌బాల్‌కు కళాశాల స్థాయిలో అత్యున్నత వేదిక ఎన్‌సీఏఏ అనే జాతీయ క్రీడా సంఘం పరిధిలోని మొదటి డివిజన్. బాస్కెట్‌బాల్, ఈత, అథ్లెటిక్స్ వంటి ఆటల్లో ఈ డివిజన్ ఒక్కటే. ఫుట్‌బాల్‌లో మాత్రం రెండు ఉపవిభాగాలుగా చీలి ఉంది. పైది ఫుట్‌బాల్ బౌల్ సబ్‌డివిజన్, వాడుకలో ఎఫ్‌బీఎస్. దాని తరువాతది ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ సబ్‌డివిజన్, వాడుకలో ఎఫ్‌సీఎస్. 2025 సీజన్‌లో ఎఫ్‌బీఎస్‌లో 136 జట్లు, ఎఫ్‌సీఎస్‌లో సుమారు 130 జట్లు ఆడాయి. వీటికి దిగువన ఎన్‌సీఏఏ రెండో, మూడో డివిజన్లు ఉన్నాయి. అవి ఈ వ్యాసం పరిధిలోకి రావు.

రెండు ఉపవిభాగాల్లోనూ ఆట ఒకటే. అదే 100 గజాల మైదానం, జట్టుకు 11 మంది, 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, ఒకే నిబంధనల పుస్తకం. ఎంతమంది ఆటగాళ్ల చదువు ఖర్చు విశ్వవిద్యాలయం భరించవచ్చు (2025 దాకా), క్రీడల మీద కనీసం ఎంత వెచ్చించాలి అన్న చోట తేడా మొదలవుతుంది. జాతీయ విజేతను తేల్చే పద్ధతిలో అది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఉపవిభాగాలకు ఆ పేర్లు రావడానికి కారణం కూడా ఆ పద్ధతే.

చరిత్ర

1869 నవంబర్ 6న న్యూజెర్సీలోని న్యూబ్రన్స్‌విక్‌లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్లు ఆడిన ఆటను కళాశాల ఫుట్‌బాల్‌లో మొదటిదిగా లెక్కిస్తారు. రట్గర్స్ 6–4 తేడాతో గెలిచింది. ఆనాటి ఆట ఇప్పటి ఫుట్‌బాల్ కన్నా సాకర్‌కే దగ్గరగా ఉండేది. 1880లలో యేల్‌కు చెందిన వాల్టర్ క్యాంప్ చొరవతో బంతి ఒక జట్టు అధీనంలోనే ఉండి వరుస డౌన్లలో (ప్రయత్నాల్లో) ముందుకు సాగే పద్ధతి వచ్చింది. మైదానంలో గాయాలతో ఆటగాళ్లు మరణించడం పెద్ద వివాదమైనప్పుడు, 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి మాట్లాడాడు. మరుసటి ఏడాది ఏర్పడిన సంఘమే 1910లో ఎన్‌సీఏఏగా పేరు మార్చుకుంది. బంతిని ముందుకు విసిరే ఫార్వర్డ్ పాస్‌కు అనుమతి వచ్చింది కూడా 1906లోనే.

1956లో ఎన్‌సీఏఏ తన సభ్య సంస్థలను యూనివర్సిటీ డివిజన్, కాలేజ్ డివిజన్ అని విడదీసింది. 1973లో అవి మూడు డివిజన్లయ్యాయి. అయినా పెద్ద ఫుట్‌బాల్ జట్లున్న విశ్వవిద్యాలయాలు తృప్తి పడలేదు. మొదటి డివిజన్‌లో ఫుట్‌బాల్ మీద కొద్దిపాటి ఖర్చుతో సరిపెట్టే సంస్థలకూ తమతో సమానంగా ఓటు ఉండటం, టెలివిజన్ ప్రసారాలు ఎన్‌సీఏఏ అదుపులో ఉండటం వాటికి మింగుడు పడలేదు. ఆ ఒత్తిడి ఫలితంగా 1978లో మొదటి డివిజన్ ఫుట్‌బాల్ వరకు వన్–ఏ, వన్–డబుల్ ఏ అని రెండుగా చీలింది.

తొలి ఏళ్లలో చాలా సంస్థలు పై శ్రేణిలోనే ఉండిపోయాయి. స్టేడియం పరిమాణం, ప్రేక్షకుల హాజరు మీద నిబంధనలు బిగించిన తరువాత 1982లో ఐవీ లీగ్‌తో పాటు మరికొన్ని కాన్ఫరెన్సులు (కలిసి ఆడే విశ్వవిద్యాలయాల కూటములు) దిగువ శ్రేణికి మారాయి. ఆటను పుట్టించిన ప్రిన్స్‌టన్, దాని రూపురేఖలు దిద్దిన యేల్ ఆ విధంగా అగ్రశ్రేణి వెలుపలికి వెళ్లాయి. 2006లో పాత పేర్ల స్థానంలో ఎఫ్‌బీఎస్, ఎఫ్‌సీఎస్ అన్న పేర్లు వచ్చాయి. వన్–డబుల్ ఏ అన్న పేరు వినగానే రెండో రకమన్న భావం కలిగేది. కొత్త పేర్లు ఆ మచ్చను కొంత తుడిచినా, పాత పేర్లు అభిమానుల నోట ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి.

స్కాలర్‌షిప్పులు, అర్హత నిబంధనలు

2025 దాకా రెండు శ్రేణుల మధ్య అసలు గీత స్కాలర్‌షిప్పుల సంఖ్యే. ఎఫ్‌బీఎస్ జట్టు 85 మందికి స్కాలర్‌షిప్ ఇవ్వగలిగేది. అక్కడ తలల లెక్క పాటించేవారు. ఒక ఆటగాడికి సగమే ఇచ్చినా పూర్తిగా ఒకటి ఇచ్చినట్టే లెక్క. అందుకే ఎవరూ సగాలు ఇచ్చేవారు కాదు. ఎఫ్‌సీఎస్‌లో మొత్తం 63 స్కాలర్‌షిప్పులకు సమానమైన సొమ్మును గరిష్ఠంగా 85 మందికి పంచగలిగేవారు. ఒకరికి పూర్తి ఫీజు, మరొకరికి సగం, ఇంకొకరికి పుస్తకాల ఖర్చు మాత్రమే దక్కేది. ఒకే జట్టులో పక్కపక్కన ఆడే ఇద్దరిలో ఒకరు ఉచితంగా చదువుతుంటే, మరొకరు అప్పు చేసి చదవడం ఎఫ్‌సీఎస్‌లో మామూలే.

ఆ 63 కూడా అన్ని చోట్లా ఉండేవి కావు. ఐవీ లీగ్ క్రీడా ప్రతిభ ఆధారంగా స్కాలర్‌షిప్పులు ఇవ్వదు. కుటుంబ ఆర్థిక స్థితిని బట్టే సాయం చేస్తుంది. పయనీర్ లీగ్ కూడా ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్పులకు దూరం. కాబట్టి ఎఫ్‌సీఎస్ అనే ఒక్క పేరు కింద వృత్తి శిక్షణను తలపించే జట్లూ ఉన్నాయి, చదువుతో పాటు ఆడే విద్యార్థుల జట్లూ ఉన్నాయి.

ఎఫ్‌బీఎస్‌లో కొనసాగాలంటే విశ్వవిద్యాలయం కనీసం 16 క్రీడల్లో జట్లు నడపాలి. మొదటి డివిజన్‌లోని మిగతా సంస్థలకు 14 చాలు. సొంత మైదానంలో ఎఫ్‌బీఎస్ ప్రత్యర్థులతో కనీసం ఐదు ఆటలు ఆడాలి. సగటున 15,000 మంది ప్రేక్షకులు రావాలన్న నిబంధన చాలాకాలం ఉన్నా కఠినంగా అమలైంది అరుదు. 2023లో దాన్ని తొలగించి, క్రీడా స్కాలర్‌షిప్పుల మీద కనీస ఖర్చును నిబంధనగా పెట్టారు.

కాన్ఫరెన్సులు

షెడ్యూలు, టెలివిజన్ ఒప్పందాలు, ఆదాయ పంపిణీ అన్నీ కాన్ఫరెన్సుల చేతుల్లో ఉంటాయి. ఎఫ్‌బీఎస్‌లో వీటికి పెద్ద, చిన్న అన్న తేడా అధికారికంగానే ఉంది. ఆగ్నేయ రాష్ట్రాల ఎస్‌ఈసీ, బిగ్ టెన్, బిగ్ 12, ఏసీసీ అనే నాలుగు కాన్ఫరెన్సులను పవర్ ఫోర్ అంటారు. అమెరికన్, సన్ బెల్ట్, మౌంటెన్ వెస్ట్, మిడ్–అమెరికన్, కాన్ఫరెన్స్ యూఎస్ఏ వీటి తరువాతి వరుస. నోటర్‌డామ్ ఏ కాన్ఫరెన్సులోనూ ఫుట్‌బాల్ ఆడకుండా స్వతంత్రంగా ఉంటూనే అగ్రజట్లలో ఒకటిగా కొనసాగుతోంది.

2024లో ఈ పటం తలకిందులైంది. పసిఫిక్ తీరంలో వందేళ్లకు పైగా చరిత్ర ఉన్న పాక్–12ను ఒకే ఏడాది పది విశ్వవిద్యాలయాలు వదిలేశాయి. వాటిలో యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు వెళ్లాయి. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న ఏసీసీలో చేరాయి. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే మిగిలాయి. అదే ఏడాది టెక్సస్, ఓక్లహోమా ఎస్‌ఈసీలో చేరాయి. బిగ్ టెన్‌లో ఇప్పుడు 18 జట్లున్నాయి. లాస్ ఏంజెలిస్ విద్యార్థులు కాన్ఫరెన్స్ ఆట కోసం న్యూజెర్సీ దాకా విమానంలో పోవాలి. దీనికంతటికీ ప్రధాన కారణం టెలివిజన్ సొమ్మే. దాని మూలం 1984లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఉంది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాల తరఫున సాగిన ఆ కేసులో, ప్రసారాల మీద ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యం చట్టవిరుద్ధమని కోర్టు తేల్చింది.

ఎఫ్‌సీఎస్ కాన్ఫరెన్సులు చాలావరకు ప్రాంతీయంగానే ఉన్నాయి. ఉత్తర మైదానాల్లో మిస్సోరి వ్యాలీ, పర్వత రాష్ట్రాల్లో బిగ్ స్కై బలమైనవి. తూర్పు తీరాన సీఏఏ, ఐవీ, పేట్రియట్ లీగ్, దక్షిణాన సదర్న్, సౌత్‌లాండ్ ఉన్నాయి.

విజేత నిర్ణయం: ఎఫ్‌బీఎస్

అగ్రశ్రేణి ఫుట్‌బాల్‌కు ఎన్‌సీఏఏ తానుగా జాతీయ ఛాంపియన్‌షిప్ నిర్వహించదు. అది ఇన్ని డివిజన్లకు, ఇన్ని ఆటలకు ఛాంపియన్‌షిప్పులు నిర్వహిస్తూ, అన్నిటికన్నా ఎక్కువ మంది చూసే పోటీని మాత్రం వదిలేసింది. ఈ లోటును పూడ్చినవి బౌల్ ఆటలు. సీజన్ ముగిశాక వెచ్చని ఊళ్లకు జట్లను, వాటి వెంట పర్యాటకులను రప్పించడం వాటి ఉద్దేశం. 1902 జనవరి 1న పసడీనాలో జరిగిన తొలి ఆటలో మిషిగన్ 49–0 తేడాతో స్టాన్‌ఫర్డ్‌ను ఓడించింది. రోజ్ బౌల్‌గా పిలిచే ఆ ఆట 1916 నుంచి ఏటా జరుగుతోంది. ఆరెంజ్, షుగర్ బౌల్స్ 1935లో, కాటన్ బౌల్ 1937లో మొదలయ్యాయి. ఇప్పుడు నలభైకి పైగా బౌల్స్ ఉన్నాయి. ఆరు విజయాలు సాధించిన జట్టుకు సాధారణంగా ఏదో ఒకటి దొరుకుతుంది.

ప్రత్యర్థులను నిర్ణయించేది ర్యాంకులు కాదు, కాన్ఫరెన్సుల మధ్య పాత ఒప్పందాలు. దీంతో మొదటి, రెండో ర్యాంకుల జట్లు తలపడకుండానే సీజన్ ముగిసిపోయేది. విజేత ఎవరన్నది ఓటర్లే చెప్పాలి. 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరుల ఓటింగు, 1950 నుంచి కోచ్‌ల ఓటింగు ఆ పని చేశాయి. రెండూ ఒకే జట్టును ఎన్నుకోవాలన్న నియమం లేదు. 1997లో విలేఖరులు మిషిగన్‌ను, కోచ్‌లు నెబ్రాస్కాను ఎన్నుకున్నారు. ఇద్దరికీ ఒక్క ఓటమి లేదు, ఇద్దరూ ఒకరితో ఒకరు ఆడనూ లేదు.

1998లో వచ్చిన బీసీఎస్ పద్ధతి ఓటింగును, కంప్యూటర్ లెక్కలను కలిపి ఆఖరి ఆటకు రెండు జట్లను ఎంపిక చేసింది. 2003లో అది కూడా తడబడింది. బీసీఎస్ ఆఖరి ఆటలో ఎల్‌ఎస్‌యూ గెలిస్తే, విలేఖరులు యూఎస్‌సీకి పట్టం కట్టారు. 2014 సీజన్‌లో కాలేజ్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ మొదలైంది. 13 మంది సభ్యుల కమిటీ నాలుగు జట్లను ఎంపిక చేసేది. ఆ పద్ధతి నడిచిన పదేళ్లలో చిన్న కాన్ఫరెన్సుల నుంచి చోటు దక్కింది 2021లో సిన్సినాటికి ఒక్కదానికే. 2017లో సెంట్రల్ ఫ్లోరిడాకు ఒక్క ఓటమి లేకపోయినా ప్లేఆఫ్‌కు పిలుపు రాలేదు; ఆ తరువాత పీచ్ బౌల్‌లో ఆబర్న్‌ను కూడా ఓడించి అది 13 ఆటలూ గెలిచింది. ఏ తప్పూ చేయని జట్టుకు పోటీ పడే దారే లేకపోవడం ఆ పద్ధతిలో అన్నిటికన్నా పెద్ద అన్యాయం.

2024 నుంచి ప్లేఆఫ్‌లో 12 జట్లు ఆడుతున్నాయి. 2024, 2025 సీజన్లలో అత్యున్నత ర్యాంకులున్న ఐదుగురు కాన్ఫరెన్స్ విజేతలకు చోటు ఖాయంగా దక్కింది. మొదటి రౌండు విశ్వవిద్యాలయాల సొంత మైదానాల్లో జరుగుతుంది. తొలి 12 జట్ల ప్లేఆఫ్‌ను ఒహాయో స్టేట్ గెలిచింది. 2025 జనవరి 20న అట్లాంటాలో అది 34–23 తేడాతో నోటర్‌డామ్‌ను ఓడించింది. ఇది కూడా ఎన్‌సీఏఏ పోటీ కాదు. దీన్ని నడిపేది కాన్ఫరెన్సులు, నోటర్‌డామ్ కలిసి ఏర్పాటు చేసుకున్న సంస్థ.

విజేత నిర్ణయం: ఎఫ్‌సీఎస్

ఇక్కడ చెప్పాల్సింది తక్కువ, ఎందుకంటే పద్ధతి సూటిగా ఉంది. చీలిక జరిగిన 1978లోనే నాలుగు జట్లతో ప్లేఆఫ్ మొదలైంది. ఫ్లోరిడా ఏ అండ్ ఎం 35–28తో మసాచుసెట్స్‌ను ఓడించి తొలి విజేతగా నిలిచింది. క్రమంగా జట్ల సంఖ్య పెరిగి 1986లో 16కు, 2013లో 24కు చేరింది. ఓడితే ఇంటికి, గెలిస్తే తరువాతి రౌండుకు. పై శ్రేణి 2014లో చేరుకున్న చోటికి దిగువ శ్రేణి 36 ఏళ్ల ముందే చేరింది.

ఫైనల్ తప్ప మిగతా ఆటలన్నీ మెరుగైన స్థానం పొందిన జట్టు సొంత మైదానంలో జరుగుతాయి. నవంబర్ చివర మొదలై డిసెంబరంతా సాగుతాయి కాబట్టి వాతావరణం కూడా ప్రత్యర్థి అవుతుంది. దక్షిణాది జట్టు మోంటానాలోని మిజౌలాకు వెళితే గడ్డకట్టే చలిలో, మంచు పట్టిన గీతల మధ్య ఆడాల్సి రావచ్చు. నార్త్ డకోటా స్టేట్‌కు వెళితే ఫార్గోడోమ్ కప్పు కింద సుమారు 19,000 మంది కేకల హోరులో ఆటను నడిపే క్వార్టర్‌బ్యాక్ పిలుపు సొంత జట్టుకే వినిపించదు. ఆ జట్టు 2011, 2024 సీజన్ల మధ్య పది టైటిళ్లు గెలిచింది. ఫైనల్ చాలా ఏళ్లు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో జరిగి, 2025 సీజన్‌తో నాష్‌విల్‌కు మారింది.

అందరూ ప్లేఆఫ్‌కు రారు. ఐవీ లీగ్ చదువుకు ఆటంకమని దశాబ్దాల పాటు దూరంగా ఉండి, 2025 నుంచి పాల్గొంటోంది. మరో రెండు కాన్ఫరెన్సుల కారణం వేరు.

నల్లజాతి విశ్వవిద్యాలయాలు

అంతర్యుద్ధం తరువాత నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన విశ్వవిద్యాలయాల్లో, మొదటి డివిజన్‌లో ఆడే జట్లలో అధికభాగం ఎస్‌డబ్ల్యూఏసీ, ఎంఈఏసీ అనే రెండు ఎఫ్‌సీఎస్ కాన్ఫరెన్సుల్లో ఉన్నాయి. దక్షిణాది పెద్ద విశ్వవిద్యాలయాలు వర్ణ వివక్షతో నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు మూసేశాయి. 1967లో కెంటకీ తరఫున నేట్ నార్తింగ్‌టన్ ఆడేదాకా ఎస్‌ఈసీ ఫుట్‌బాల్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. ఆ కాలంలో దక్షిణాది ప్రతిభ గ్రాంబ్లింగ్, జాక్సన్ స్టేట్, సదర్న్ వంటి చోట్ల పోగైంది. గ్రాంబ్లింగ్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్ 1941లో చేరి 1997 దాకా పనిచేసి 408 విజయాలు సాధించాడు. పెద్ద విశ్వవిద్యాలయాలు తలుపులు తెరిచాక, ఈ జట్లు పెంచిన ప్రతిభ వాటివైపే మళ్లింది. దాని నష్టం ఈ సంస్థలు ఇప్పటికీ మోస్తున్నాయి.

ఈ రెండు కాన్ఫరెన్సుల విజేతలు 2015 నుంచి అట్లాంటాలో సెలబ్రేషన్ బౌల్‌లో తలపడుతున్నారు. అందుకే సాధారణంగా ప్లేఆఫ్‌కు వెళ్లరు. వీటి ఆటల్లో విరామ సమయంలో వచ్చే బ్యాండ్ ప్రదర్శన కూడా ఆటంత ముఖ్యం. న్యూ ఆర్లియన్స్‌లో గ్రాంబ్లింగ్, సదర్న్ మధ్య జరిగే బాయూ క్లాసిక్‌కు వచ్చేవారిలో చాలామంది విరామ సమయంలో సీట్లోంచి కదలరు.

రెండు శ్రేణులు ఎదురుపడినప్పుడు

ప్రతి సెప్టెంబర్‌లో ఎఫ్‌సీఎస్ జట్లు పెద్ద మైదానాలకు వెళ్లి ఆడతాయి. ఆతిథ్య జట్టుకు దాదాపు ఖాయమైన గెలుపు దొరుకుతుంది. బౌల్ అర్హతకు కావలసిన ఆరింటిలో అలాంటి ఒక గెలుపును లెక్కలోకి తీసుకుంటారు. అతిథి జట్టుకు లక్షల డాలర్ల హామీ సొమ్ము దక్కుతుంది. చిన్న విశ్వవిద్యాలయాల్లో ఆ డబ్బుతోనే మిగతా క్రీడల జట్లు నడుస్తాయి. ఫలితం ఎక్కువసార్లు ఊహించినట్టే ఉంటుంది.

2007 సెప్టెంబర్ 1న అలా జరగలేదు. ఎఫ్‌సీఎస్‌లో వరుసగా రెండుసార్లు విజేతగా నిలిచిన అప్పలేచియన్ స్టేట్, 4 లక్షల డాలర్ల ఒప్పందం మీద దేశంలో ఐదో ర్యాంకు జట్టయిన మిషిగన్‌తో ఆడటానికి యాన్ ఆర్బర్ వెళ్లింది. లక్షకు పైగా ప్రేక్షకులు. విరామానికి అతిథి జట్టు 28–17 ఆధిక్యంలో ఉంది. చివరి క్వార్టర్‌లో మిషిగన్ 32–31తో ముందుకు వచ్చింది. 26 సెకన్లు మిగిలి ఉండగా అప్పలేచియన్ ఫీల్డ్‌గోల్ కొట్టి 34–32 చేసింది. మిషిగన్ ఒక పొడవాటి పాస్‌తో మళ్లీ గోల్ దగ్గరికి చేరి, 37 గజాల ఫీల్డ్‌గోల్‌కు సిద్ధమైంది. తన్నిన బంతిని కోరీ లించ్ అడ్డుకుని, చేజిక్కించుకుని ఎదురు దిక్కుకు పరుగెత్తాడు. ఆట అక్కడితో ముగిసింది. ర్యాంకున్న ఎఫ్‌బీఎస్ జట్టును ఎఫ్‌సీఎస్ జట్టు ఓడించడం అదే మొదలు. ఎఫ్‌సీఎస్ జట్లకు ఓటు వేయకూడదన్న నియమాన్ని అసోసియేటెడ్ ప్రెస్ ఆ తరువాత సడలించింది.

2010లో జేమ్స్ మాడిసన్ 21–16తో వర్జీనియా టెక్‌ను, 2016లో నార్త్ డకోటా స్టేట్ 23–21తో అయోవాను ఓడించాయి. ఓడిన రెండు జట్లకూ అప్పుడు 13వ ర్యాంకు. ఇలాంటివి అరుదే అయినా, ఎఫ్‌సీఎస్‌లో మొదటి వరుస జట్టు ఎఫ్‌బీఎస్‌లో మధ్యస్థ జట్టుకు తీసిపోదనడానికి ఇవి బలమైన ఆధారాలు. లోటు ఎక్కువగా బెంచ్ మీద కనిపిస్తుంది. మొదటి 22 మంది సమఉజ్జీలైనా, నాలుగో క్వార్టర్‌లో అలసినవారి స్థానంలో దిగే ఆటగాళ్ల దగ్గర తేడా తెలుస్తుంది.

శ్రేణి మార్పిడి

రంజీ ట్రోఫీలో ప్లేట్ నుంచి ఎలీట్‌కు ఎక్కినట్టు ఇక్కడ మైదానంలో గెలిచి పై శ్రేణికి పోవడం కుదరదు. ఎఫ్‌బీఎస్ కాన్ఫరెన్స్ ఆహ్వానించాలి, సంస్థ నిబంధనలు అందుకోవాలి, ఎన్‌సీఏఏకు రుసుము కట్టాలి. ఒకప్పుడు 5,000 డాలర్లున్న ఆ రుసుమును 2023లో 50 లక్షల డాలర్లకు పెంచారు. మారే కాలంలో రెండేళ్ల పాటు బౌల్ అర్హతకు ఆంక్షలుంటాయి.

అయినా వెళ్లేవారు వెళుతూనే ఉన్నారు. 1980లో దిగువ శ్రేణి విజేత బాయిజీ స్టేట్ 1996లో పైకి వచ్చింది. 2007 ఫియెస్టా బౌల్‌లో ఓక్లహోమాను అదనపు సమయంలో 43–42తో ఓడించి దేశమంతటా పేరు తెచ్చుకుంది. మార్షల్ 1997లో, అప్పలేచియన్ స్టేట్, జార్జియా సదర్న్ 2014లో, జేమ్స్ మాడిసన్ 2022లో, డెలవేర్, మిస్సోరి స్టేట్ 2025లో మారాయి. జేమ్స్ మాడిసన్ మారిన నాలుగో సీజన్‌లోనే 12 జట్ల ప్లేఆఫ్‌కు చేరింది. అంతకు ముందు అక్కడ కోచ్‌గా ఉన్న కర్ట్ సిగ్నెట్టి ఇండియానాకు వెళ్లి, 2025 సీజన్‌లో ఆ జట్టును జాతీయ విజేతగా నిలిపాడు.

ఎదురు దిశలో వెళ్లింది ఐడహో. సన్ బెల్ట్‌లో చోటు కోల్పోయాక 2018లో స్వచ్ఛందంగా ఎఫ్‌సీఎస్‌కు దిగి, బిగ్ స్కైలోని పాత పొరుగు ప్రత్యర్థులతో మళ్లీ ఆడుతోంది.

ఆటగాళ్లు

ఎఫ్‌బీఎస్ జట్లలోనే వృత్తి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లలో అత్యధికులు తయారవుతారు. ఎఫ్‌సీఎస్ నుంచి వచ్చేవారు తక్కువే అయినా ఆ వరుస చిన్నది కాదు. వాల్టర్ పేటన్ (1978 చీలికకు ముందే) జాక్సన్ స్టేట్‌లో, జెర్రీ రైస్ మిసిసిపీ వ్యాలీ స్టేట్‌లో, కూపర్ కప్ ఈస్టర్న్ వాషింగ్టన్‌లో ఆడారు. దేశంలో ఉత్తమ కళాశాల ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ 1935లో మొదలైంది. నియమాల్లో అడ్డేమీ లేకపోయినా అది పై శ్రేణికే దక్కుతుంది. ఆల్కార్న్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ మెక్‌నేర్ 1994లో మూడో స్థానం దాకా వచ్చాడు. ఎఫ్‌సీఎస్‌లో ఉత్తమ అఫెన్స్ ఆటగాడికి 1987 నుంచి వాల్టర్ పేటన్ పేరిట అవార్డు ఇస్తున్నారు.

2021 తరువాతి మార్పులు

2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఆల్‌స్టన్ కేసులో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్పు ఇచ్చింది. జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మల మీద సంపాదించుకునే హక్కు పొందారు. అదే ఏడాది విశ్వవిద్యాలయం మారిన ఆటగాడు ఒక ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న నియమం మొదటి మార్పు వరకు పోయింది; 2024లో పూర్తిగా తొలగింది. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన హౌస్ కేసు రాజీతో విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లకు నేరుగా ఆదాయంలో వాటా చెల్లించవచ్చు. 2025–26కు ఆ పరిమితి ఒక్కో విశ్వవిద్యాలయానికి అన్ని క్రీడలకూ కలిపి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఆ రాజీలో చేరిన సంస్థలకు 85, 63 అనే స్కాలర్‌షిప్ పరిమితులు పోయి, వాటి స్థానంలో జట్టుకు 105 మంది అన్న పరిమితి వచ్చింది.

దీంతో 1978 నుంచి రెండు శ్రేణులను విడదీసిన లెక్క కాగితం మీద చెల్లిపోయింది. విడదీసేది ఇక చెల్లించే స్తోమతే. ఎఫ్‌సీఎస్‌లో రాణించిన ఆటగాడు మరుసటి ఏడాదే పై శ్రేణికి పోతున్నాడు. క్యామ్ వార్డ్ ఎఫ్‌సీఎస్ జట్టయిన ఇన్‌కార్నేట్ వర్డ్‌లో మొదలుపెట్టి, వాషింగ్టన్ స్టేట్‌కు, అక్కడి నుంచి మయామీకి మారి, 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికయ్యాడు. చిన్న కాన్ఫరెన్సుల్లోని ఎఫ్‌బీఎస్ జట్లు కూడా ఇదే రీతిలో తమ మంచి ఆటగాళ్లను పవర్ ఫోర్‌కు కోల్పోతున్నాయి. ఆదాయాన్ని బట్టి చూస్తే, ఎఫ్‌బీఎస్‌లో అట్టడుగున ఉన్న జట్లు ఎస్‌ఈసీ, బిగ్ టెన్ జట్ల కన్నా ఎఫ్‌సీఎస్‌లోని బలమైన జట్లకే దగ్గరగా ఉన్నాయి.